మన ఎండకు తగిన నీలి పూలు

మన సంఘం ఆవరణలో మెట్లకు ఇరుపక్కల పన్నెండు కుండీలు ఖాళీగా నిలిచి ఉన్నవి. నూలు తీసుకొనడానికి వచ్చే సభ్యులు, నేసిన బట్ట అప్పగించడానికి వచ్చే ఆడవారు వాటిని చూసి, "సెక్రటరీగారూ, ఇందులో ఏం పెంచుతున్నారు?" అని నవ్వుతూ అడుగుతూనే ఉన్నారు. ఇంతకాలం మేమూ నవ్వి ఊరుకున్నాము. సర్వసభ్య సమావేశం దగ్గర పడినది గనుక, ఆ కుండీల లెక్క అక్కడ అడిగించుకొనక ముందే ఇక్కడ చెప్పుకొనుట మర్యాదగా తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. ఇతర రాష్ట్రాలలో స్థిరపడిన మన నేతవారికి కూడా ఇందులో కొంత ఉపయోగం ఉండవచ్చును.

మాది సేలం జిల్లా. ఏర్కాడు కొండ మా ఊరికి ముప్పై కిలోమీటర్ల దూరమే. రెండేళ్ల క్రిందట మే నెలలో అక్కడ జరిగే పూల ప్రదర్శనకు మా పాలకవర్గంలోని నలుగురం వెళ్లాము. హైడ్రేంజియా అనే పూలు, ఒక్కొక్క గుత్తి కొబ్బరికాయంత, ముదురు నీలంగా పూచి ఉన్నవి. నేతగాని కన్ను మంచి రంగు దగ్గర ఆగక మానదు గదా! అటువంటి నీలం నూలుమీదికి తెప్పించడానికి అద్దకపు షెడ్డులో మేము పడిన అవస్థ మాకు తెలుసు. మన సంఘం ముందర ఈ రంగు ఉంటే ఎంత బాగుంటుందోనని అప్పటికప్పుడు హైడ్రేంజియాలు ఎనిమిది, లావెండరు మొక్కలు నాలుగు కొని, వ్యానులో జాగ్రత్తగా దించి తెచ్చాము. పైకం చిల్లర ఖర్చుల పద్దులో వ్రాసినాము.

లావెండరు తొలి వానలకే వేరు కుళ్లి పోయినది. హైడ్రేంజియాలు వానాకాలమంతా బ్రతికి మాకు ఆశ పెట్టినవి. చలి రోజులు దాటిన తరువాత ఒక మొక్క ఒకే ఒక గుత్తి వేసినది. అది నీలం కాదు, గులాబి రంగు! ఏప్రిల్ వచ్చేసరికి ఆకులు మధ్యాహ్నానికల్లా తడిగుడ్డల వలె వేలాడసాగినవి. రోజుకు రెండు పూటలా నీళ్లు పోశాము, గోనెపట్టాలు కట్టి నీడ చేశాము. మే నెల సగం గడవకముందే పన్నెండు కుండీలూ ఖాళీ అయినవి. తప్పు మొక్కలది కాదు, అమ్మినవారిదీ కాదు. ఎండ నేలలో ఉంటూ కొండ మొక్కను కోరిన మాది.

మా సంఘం గోడకు ఆవల ఒక అవ్వ ఉన్నది. ఈ వయసులో కూడా రాట్నం ముందు కూర్చుండి కండెలు చుడుతుంది. వాళ్ల దడి మీద శంఖుపుష్పం తీగ అల్లుకొని ఉన్నది. మా పూలు ఎండిన ఆ మే నెలలోనే దాని మీద పొద్దున్నే లెక్కకు నలభై పూలు ఉన్నవి. దానికి ప్రత్యేకం ఎవరూ నీళ్లు పోయగా మేము చూడలేదు. గిన్నెలు కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన కుడితి, అంతే దాని భాగ్యం. మేము ఖాళీ కుండీలు సర్దుతుంటే అవ్వ దడి మీదుగా చూసి, "నాయనా, కొండమీది పిల్లను తెచ్చి మండుటెండలో నిలబెడితే కాపురం చేస్తుందా? దాని మనసు పుట్టింటి మీదనే కదా! నన్ను అడిగితే గింజలు నేనే ఇద్దును" అన్నది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయినది.

తరువాత పుస్తకాలు చూసి, తెలిసినవారిని అడిగి ఈ సంగతి కొంత తెలుసుకున్నాము. సేలం సముద్ర మట్టానికి సుమారు 280 మీటర్ల ఎత్తున ఉన్నది. ఏర్కాడు సుమారు 1,500 మీటర్లు. వెయ్యి మీటర్లు పైకి పోయేకొద్దీ సుమారు ఆరు డిగ్రీల వేడి తగ్గుతుంది. ముప్పై కిలోమీటర్ల దారే అయినా మొక్కకు అది వేరే దేశం. హైడ్రేంజియా వెడల్పాటి ఆకుల నుండి నీరు త్వరగా ఆవిరైపోతుంది. వేరు అంత వేగంగా అందించలేదు. గులాబి రంగు ఎందుకు వచ్చినదన్నది మన అద్దకపు వారికి సులభంగా బోధపడుతుంది. ఆ పూవు నీలంగా ఉండాలంటే నేలలో పులుపు గుణం ఉండి, అల్యూమినియం వేరుకు అందవలె. మనం నూలుకు రంగు పట్టడానికి పెట్టే పటికలో ఉన్నది కూడా ఆ అల్యూమినియమే. మా బోరు నీళ్లలో ఉన్నది సున్నపు గుణం. అందుచేత అల్యూమినియం మట్టిలో ఉన్నా మొక్కకు అందక, నీలం గులాబిగా మారినది.

కొండ ప్రాంతపు నీలాన్ని కొండమీదనే చూసి ఆనందించవలె. నీలగిరులలోను, మున్నారులోను 1,300 మీటర్లకు పైన నీలకురింజి అనే మొక్క పన్నెండేళ్లకొకసారి కొండ కొండంతా పూస్తుంది. మున్నారులో 2018లో పూచినది. దానిని ఎవరైనా క్రిందికి తెచ్చి వాకిట్లో నాటి, పూయలేదని తిడితే మనం నవ్వమా? మేము చేసినదీ అంతకంటె భిన్నం కాదు.

నీలి పూలు మన ఎండలో లేవా అంటే, కావలసినన్ని ఉన్నవి. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఉండి, కత్తిరించినకొద్దీ చిగిర్చేవి, మేము పరీక్షించినవీ మన ఇళ్లలో చూసినవీ కొన్ని ఇక్కడ చెబుతాము.

మొదటిది శంఖుపుష్పమే. దీనిని మన పెద్దలు దింటెన అని కూడా అంటారు. మహారాష్ట్రలో గోకర్ణ అని, ఒరిస్సాలో అపరాజిత అని, ఇక్కడి తమిళులు సంగుపూ అని పిలుస్తారు. గింజ పెంకు గట్టిది. ఒక పక్క గరుకు రాతి మీద కొంచెం రుద్ది, రాత్రి గోరువెచ్చని నీళ్లలో వేసి, తెల్లవారి అర అంగుళం లోతున నాటవలె. వారం రెండు వారాలలో మొలుస్తుంది. సుమారు రెండు నెలలలో పూత మొదలవుతుంది. వేరు లోతుకు పోతుంది గనుక ఎండను ఓర్చుకుంటుంది. కంది, పెసర వలె ఇదీ చిక్కుడు జాతిదే; గాలిలోని నత్రజనిని వేరు బుడిపెలలో నిలుపుకొని నేలకు బలమిస్తుంది. తీగను పశువులు ఇష్టంగా తింటవి. కాయలు ఎండనిచ్చి ఒక పిడికెడు గింజలు దాచుకుంటే పది ఇళ్లకు పంచవచ్చును. గింజలు ఎక్కువ తింటే విరేచనాలవుతవి గనుక పసిపిల్లలకు అందకుండా చూడవలె.

రెండవది డిసెంబరు పూలు. కొందరు నీలాంబరాలని అంటారు. కనకాంబరాల వలె ఆడపిల్లలు జడలో పెట్టుకుంటారు. చలికాలంలో, తక్కిన పూలు తగ్గిన వేళ, గుబురుగా పూస్తవి. వాన మొదలైనప్పుడు జానెడు కొమ్మ విరిచి గుచ్చితే నాటుకుంటుంది. పూత అయిపోగానే సగానికి కత్తిరించవలె; లేకపోతే కొమ్మలు సాగి మోడుగా కనబడుతుంది.

మూడవది విష్ణుక్రాంత. వినాయక చవితినాటి ఇరవైయొక్క పత్రిలో ఇదొకటి అని మనకు తెలిసినదే. చిన్న మొక్క, బీడు నేలలో కూడా పరుచుకొని, కందిగింజంత నీలి పూలు పూస్తుంది. పొద్దున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటవి. మొక్కల దుకాణాలలో పెద్ద పూలతో దొరికేది దీని దక్షిణ అమెరికా బంధువు. అదీ మన ఎండకు బాగా ఓర్చుకుంటుంది. దానికి కావలసినది నిండు ఎండ, నీరు నిలవని మట్టి. రోజూ నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది. ఇది అతిగా ప్రేమించేవారికి తగిన మొక్క కాదు!

నాలుగవది ప్లంబాగో. మన చిత్రమూలం కుటుంబంలోనిది, పుట్టినది దక్షిణాఫ్రికాలో. ఉతికి ఆరవేసిన లేత నీలం చీర రంగు. దడిగా పెంచవచ్చును. కొత్త చిగురు మీదనే పూస్తుంది గనుక పూత విడత విడతకు కత్తిరిస్తూ ఉంటే ఏడాదిలో చాలా నెలలు పూలుంటవి. దాని రసం కొందరి చర్మానికి పడదు. కత్తిరించిన తరువాత చేతులు కడుక్కొనవలె.

అయిదవది నీలి కలువ. పాత సిమెంటు తొట్టి ఉంటే చాలు. అయితే అది రంగులు కలిపిన తొట్టి కారాదు. అడుగున జానెడు ఒండ్రుమట్టి వేసి దుంప నాటి, నీళ్లు నింపి, రోజుకు అయిదారు గంటలైనా ఎండ తగిలేచోట ఉంచవలె. నాలుగు గప్పీ చేపలు వదిలితే దోమపిల్లలను అవి తింటవి.

ఈ అయిదింటికీ కలిపి ఒకే హెచ్చరిక: అద్దకపు నీళ్లు మొక్కలకు పోయకండి. నీలి నీళ్లు పోస్తే నీలి పూలు పూస్తవన్న భ్రమ మన పిల్లలలోనే కాదు, పెద్దలలో కూడా ఉన్నది. ఆ ఉప్పు, ఆ రసాయనాలు నేలను చంపుతవి. తిరుప్పూరులో అద్దకపు నీళ్లు నొయ్యల్ నదిని ఏం చేసినవో, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకపు కర్మాగారాలను మూయమని ఎందుకు ఉత్తరువు చేసినదో మనం మరచిపోరాదు.

ఇతర ప్రాంతాల సోదరులు తమ నేలను బట్టి కొంచెం మార్చుకొనవలె. షోలాపురంలో నల్లరేగడి నేల. వానకు నీరు పట్టి ఉంచుతుంది, వేసవిలో బీటలు వారుతుంది. అక్కడ మట్టిని జానెడు ఎత్తు చేసి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నాటితే శంఖుపుష్పానికి, ప్లంబాగోకు ఇబ్బంది ఉండదు. బరంపురం వైపు తుఫానుల భయం. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరనే తీరం దాటినది. అక్కడ ఎత్తైన పందిళ్ల కంటె నడుమెత్తు దడి మంచిది. తీగ చినిగినా మొదలు నుండి మళ్లీ చిగిరిస్తుంది. యానాం వారికి ఉప్పుగాలి. దానిని విష్ణుక్రాంత బంధువు బాగా తట్టుకుంటుంది. బెంగుళూరు మాత్రం తొమ్మిది వందల మీటర్ల ఎత్తు గనుక అక్కడివారి అదృష్టం వేరు. వారి వీధుల్లో జకరండా చెట్లు నీలి గొడుగులు పట్టి నిలుచుంటవి. వారిని చూసి మేము అసూయపడవచ్చును గాని అనుకరించరాదు.

"కూలి గిట్టుబాటు కాక ఏడుస్తుంటే సెక్రటరీ పూల సంగతి వ్రాస్తాడేమిటి?" అని కొందరు అనుకొనవచ్చును. అనుకొనుట న్యాయమే. నూలు ధర, కూలి రేటు, బకాయిల విషయం ఈ పత్రికలో ఎప్పుడూ వ్రాస్తూనే ఉన్నాము. ఇక ముందూ వ్రాస్తాము. కాని ఈ పూలకు కూలి కోత అక్కరలేదు. గింజలు ఊరికే వస్తవి, స్థలం దడి వెంట ఒక అడుగు చాలు. గుంట మగ్గంలో కాళ్లు పెట్టి పొద్దుగూకులు పడుగు మీదనే చూపు నిలిపే మనిషికి, లేచి బయటికి వచ్చినప్పుడు కంటికి చల్లని రంగు ఒకటి కావలె. రంగుల ఎంపిక మనం నేర్చుకున్నది కూడా రంగుల చీటీల పుస్తకం చూసి మాత్రమే కాదు. మామిడి చిగురు, నెమలి కంఠం, వంగపండు అని మన పెద్దలు రంగులకు పెట్టిన పేర్లు చూడండి. అవన్నీ వాకిట్లో, పెరట్లో కనబడినవే. మన పిల్లలు ఆ వస్తువులనే చూడకపోతే రేపు వారికి ఆ పేర్లు వట్టి మాటలవుతవి.

ఇక ఈ పూల విషయంలోనే మన సంఘానికి ఎదురైన ఒక పరీక్షను కూడా సభ్యుల ముందు పెట్టవలసి ఉన్నది. గడచిన ఆషాఢంలో ఒక వర్తకుడు వచ్చి శంఖుపుష్పంతో అద్దిన నూలు చీరలు కావాలన్నాడు. పట్టణాలలో ఇప్పుడు ఆ పేరుకు గిరాకీ ఉన్నదట. ఆ నెలలో మన మగ్గాలు కొన్ని పనిలేక ఆగి ఉన్నవి. మేము ఆశతోనే అవ్వ దడి పూలు, చుట్టుపక్కల ఇళ్ల పూలు కోయించి, పటిక పెట్టిన ఒక చిలప నూలును అద్ది చూశాము. తడిగా ఉన్నప్పుడు ఎంతో ముచ్చటైన నీలం. సబ్బుతో ఉతికితే పచ్చబారినది. నిమ్మరసం చుక్క పడిన చోట ఊదా ఎరుపుగా మారినది. మిగిలినదానిని ఎండలో వారం రోజులు ఆరవేస్తే వెలిసి బూడిద రంగు తేలినది. ఆ పూవులోని రంగు గుణమే అంత. తినే వస్తువులకు అది బాగా పనికి వస్తుంది. మలయా దేశంలో అన్నానికి కలుపుతారు. అమెరికా ప్రభుత్వ ఆహార ఔషధ శాఖ 2021లో ఆహారపు రంగుగా దానిని అంగీకరించినది. బట్టకు మాత్రం అది నిలిచే రంగు కాదు. ఎండకు రంగు నిలుపుదలను 1 నుండి 8 వరకు, ఉతుకుకు 1 నుండి 5 వరకు కొలుస్తారు. ఆ కొలతలలో మంచి స్థానం వచ్చే రంగునే చీరకు వేయడం మన ధర్మం.

నిలిచే నీలం మనకు పూర్వం నుండి ఉన్నది. అది నీలి మొక్కది. వింత ఏమిటంటే ఆ మొక్క పూవు నీలం కాదు, గులాబి రంగు! నీలం దాని ఆకులో ఉన్నది. ఆకును నానబెట్టి, పులియబెట్టి, గాలి తగిలేటట్లు చిలికితే నీలిమందు అడుగున దిగుతుంది. 1897లో జర్మనీ నుండి కృత్రిమ నీలిమందు అమ్మకానికి వచ్చిన తరువాత మన పొలాలలో ఆ పంట పడిపోయినది గాని, పూర్తిగా పోలేదు. ఇప్పటికీ తిండివనం ప్రాంతంలో పండిస్తున్నారు. ఈ సంగతి ఆ వర్తకునికి చెప్పాము. నీలిమందు అద్దకానికి ఖర్చు ఎక్కువన్నాడు. చివరకు, "మీరు మామూలు రంగుతోనే అద్దండి, చీటీ మాత్రం పూవు పేర కుట్టండి, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. మేము ఆ ఆర్డరు వద్దన్నాము.

ఆ నిర్ణయం వల్ల ఎనిమిది మగ్గాలకు దాదాపు నెల రోజుల పని పోయినది. ఆ ఎనిమిది ఇళ్లవారు మా మీద కోపంగా ఉన్నారు. వారి కోపం మాకు తెలుసు. పొయ్యి మీది కుండకు నీతి వాక్యాలు సరిపోవని కూడా తెలుసు. అయినా ఒక మాట ఆలోచించండి. మామూలు రంగు వేసి మామూలు రంగు అని చెప్పి అమ్మడంలో తప్పు లేదు. ఏళ్ల తరబడి అదే చేస్తున్నాము. లేని పూవును ఉన్నదని చీటీ కుట్టడం వేరు. 2006 నుండి మన బట్టకు చేనేత గుర్తు ఉన్నది. చేతితో నేసినదని ఆ గుర్తు చెబుతుంది, కొన్నవారు నమ్ముతున్నారు. ఆ గుర్తు ప్రక్కనే మనం ఒక అబద్ధపు చీటీ కుట్టితే, రేపు ఆ గుర్తును మాత్రం ఎవరు నమ్ముతారు? మరమగ్గంతో ధరలో పోటీ పడలేని మనకు మిగిలిన మూలధనం ఆ నమ్మకమే. మేము చేసినది తప్పని తోస్తే సమావేశంలో నిలదీయండి. బదులు చెప్పడానికి సిద్ధంగా ఉన్నాము.

రెండు విషయాలలోను మాకు తెలిసివచ్చినది ఒకటే. కొండ పూవును పల్లానికి తెచ్చి చంపుకున్నాము. వాకిట పూవును బట్టమీదికి తెచ్చి అద్దబోతే అదీ నిలువలేదు. ఏది ఎక్కడ నిలుస్తుందో తెలుసుకొని అక్కడ పెట్టడమే మన పని. పెట్టెపడుగుకు ఏ నూలు, పేకకు ఏ నూలు అని చూసుకొనే మనకు ఇది కొత్త పాఠం కాదు. మేము మరచిపోయిన పాఠం.

సభ్యులకు మా మనవి ఇది. ఆ పన్నెండు మొక్కల పైకం సంఘానికి నష్టం కారాదు గనుక మా గౌరవ వేతనంలో నుండి జమ కట్టినాము. రసీదు పుస్తకంలో చూడవచ్చును. ఖాళీ కుండీలలో అవ్వ ఇచ్చిన గింజలు ఈ వానలకు నాటుతున్నాము. మిగిలిన గింజలను పాత నూలు చీటీలలో పొట్లాలు కట్టించాము. వచ్చే నూలు పంపిణీ రోజున ఇంటికొక పొట్లం తీసుకొని వెళ్లండి. డిసెంబరు పూల కొమ్మలు ఉన్నవారు ఒక కట్ట సంఘానికి తెచ్చి ఇవ్వండి, లేనివారికి అందజేస్తాము. బయటి రాష్ట్రాల మన సంఘాలవారు తమ ఎండకు తగిన నీలి పూలు ఏవో మాకు వ్రాస్తే ఈ పత్రికలో ప్రకటిస్తాము.

అవ్వ మాత్రం పొట్లాలు కట్టేటప్పుడు ఒక షరతు పెట్టినది: పూచిన తరువాత ఎవరి గింజలు వారు దాచుకొని, మరుసటి ఏడు ఇంకొక ఇంటికి ఇవ్వాలట. ఆ షరతును సమావేశంలో తీర్మానంగా పెట్టదలచినాము. సభ్యులందరూ ఆమోదిస్తారని నమ్ముతున్నాము.

— కార్యదర్శి